పులిసొర, క్యువియర్, కానాగంత: ఒక చేప పేర్ల సంగతి

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనంతలో మొదట చెబుతాను. ఫిషింగ్ హార్బర్‌లో ఒంటిమీద చారలున్న సొరను చూశారు, పడవవాళ్లు దానిని పులిసొర అన్నారు. ఇంటికి వచ్చి వెతికితే ఒకచోట గేలియోసెర్డో క్యువియర్ అని, ఇంకొకచోట గేలియోసెర్డో క్యువియరీ అని, ఒక పాత పుస్తకంలో గేలియోసెర్డో ఆర్క్టికస్ అని కనిపించింది. వీటిలో ఏది సరైనది, ఒకే చేపకు ఇన్ని పేర్లు ఎలా వచ్చాయి, శాండ్ టైగర్ షార్క్, లెపర్డ్ షార్క్ అనేవి కూడా ఇదేనా, తెలుగులో దీనిని ఏమని రాయాలి అన్నవి మీ ప్రశ్నలు. విశాఖ రేవులో తెల్లవారుజామున చేపలను కొలిచి, తూచి, పేర్లు రాసుకోవడమే ఉద్యోగంగా ముప్పై ఏళ్లు గడిపినవాడిని కాబట్టి, కొంచెం వివరంగానే జవాబిస్తున్నాను.

మీరు చూసినది నిజంగా టైగర్ షార్కే అయితే, ఈనాడు చెల్లుబాటులో ఉన్న శాస్త్రీయనామం గేలియోసెర్డో క్యువియర్. చివర దీర్ఘం లేదు. మిగిలిన రెండు పేర్లూ ఆ చేపవే గాని, ఒకటి తప్పుడు వర్ణక్రమం, మరొకటి ఆలస్యంగా వచ్చి చెల్లకుండా పోయిన పేరు. "నిజంగా టైగర్ షార్కే అయితే" అని ఎందుకు అన్నానో తర్వాత చెబుతాను, ఎందుకంటే నా అనుభవంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

పేరు చరిత్ర ఆస్ట్రేలియాలో మొదలవుతుంది. 1800లో ఫ్రాన్స్ నుంచి రెండు ఓడలతో ఒక అన్వేషక బృందం ఆస్ట్రేలియా తీరాలకు బయలుదేరింది. అందులో ఫ్రాన్స్వా పెరాన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, చార్లెస్ లెసూర్ అనే చిత్రకారుడు ఉన్నారు. ఆ ఖండపు వాయవ్య తీరాన దొరికిన ఒక పెద్ద సొరకు వారు తమ దేశపు మహా ప్రాణిశాస్త్రజ్ఞుడు జార్జ్ క్యువియర్ పేరు పెట్టారు. పెరాన్ 1810లోనే మరణించాడు. లెసూర్ తరువాత అమెరికా వెళ్లి స్థిరపడి, 1822లో ఫిలడెల్ఫియాలోని శాస్త్ర అకాడమీ పత్రికలో ఆ పేరును అచ్చువేయించాడు. అప్పటి పేరు స్క్వాలస్ క్యువియర్. ఆ రోజుల్లో సొరల్లో చాలావాటిని స్క్వాలస్ అనే ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, వేసేవారు, మనం సంతలో అన్నింటినీ కలిపి "సొర" అన్నట్టే.

తరువాత బెర్లిన్‌లో యోహానెస్ ముల్లర్, యాకోబ్ హెన్లె అనే ఇద్దరు శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు సొరలను, టేకుచేపలను కొత్తగా వర్గీకరించే పని పెట్టుకున్నారు. మీ ఇంట్లో ఎవరైనా వైద్యవిద్య చదువుతుంటే అడిగి చూడండి, మూత్రపిండంలో "హెన్లె శిక్యం" అని చదువుకునేది ఈ హెన్లె పేరుమీదే. వీరు 1837లో గేలియోసెర్డో అనే ప్రజాతిని ఏర్పరచారు. గ్రీకులో "గేలియోస్" అంటే ఒక రకం సొర, "కెర్డో" అంటే జిత్తులమారి నక్క. నక్కసొర అన్నమాట. ఈ చేప చూపు, కదలిక, ఏది దొరికినా వదలని తిండిబుద్ధి తెలిసినవారికి ఆ పేరు అంత అన్యాయంగా అనిపించదు. పాత ప్రజాతి నుంచి కొత్త ప్రజాతికి మారింది కనుకనే, పుస్తకాలలో ఈ నామం పక్కన పెరాన్, లెసూర్ల పేర్లను, 1822 సంవత్సరాన్ని బ్రాకెట్లలో వేస్తారు. బ్రాకెట్లు లేకుండా రాస్తే, ఆ ఇద్దరే గేలియోసెర్డో అని కూడా పేరు పెట్టారన్న అర్థం వస్తుంది. చిన్న విషయమే గాని, విద్యార్థుల వ్యాసాలలో నేను ఎక్కువసార్లు దిద్దిన తప్పు ఇది.

ఇక క్యువియరీ సంగతి. ఒక మనిషి పేరును జాతినామంగా పెట్టేటప్పుడు లాటిన్ షష్ఠీ విభక్తిలో చివర "ఈ" చేర్చి "ఫలానావారి చేప" అన్న అర్థం తేవడం ఆనవాయితీ. అందుకని తరువాతి రచయితలు, లెసూర్ మరచిపోయి ఉంటాడనుకుని, తామే సర్ది క్యువియరీ అని రాశారు. మన దేశంలోని మత్స్యశాస్త్ర వ్యాసాలలో కూడా అది చాలాకాలం అలాగే సాగింది, నా తొలినాళ్ల రిజిస్టర్లలో నేనూ అదే రాశాను. అయితే జంతునామాల అంతర్జాతీయ నియమావళి ప్రకారం, మొదట అచ్చయిన వర్ణక్రమాన్ని ఇలా మన అభిరుచి కోసం దిద్దకూడదు. క్యువియర్ అన్న పేరును విభక్తి లేకుండా అలాగే నామవాచకంగా పక్కన నిలబెట్టడం కూడా నియమానికి లోబడినదే. కాబట్టి "ఈ" తీసేయాలి.

ఆర్క్టికస్ మాత్రం వినోదమైన కథ. 1829లో ఫాబెర్ అనే ఆయన ఐస్‌లాండ్ చేపల గురించి రాసిన గ్రంథంలో ఈ సొరకు స్క్వాలస్ ఆర్క్టికస్ అని పేరు పెట్టాడు. ఉష్ణమండలపు వెచ్చని నీళ్లలో తిరిగే చేప, ఎక్కడో దారి తప్పి ఉత్తరాన కనిపించినందుకు "ధ్రువప్రాంతపు సొర" అయి కూర్చుంది. పేరు అర్థం తప్పయినంత మాత్రాన శాస్త్రీయనామం చెల్లకుండా పోదు, ఆ సంగతి మీరు గుర్తుంచుకోవాలి. అది చెల్లనిది ఏడేళ్లు ఆలస్యంగా వచ్చినందుకు. ముందు పెట్టిన పేరుదే హక్కు. అదే న్యాయం చొప్పున ముల్లర్, హెన్లెలు తరువాత పెట్టిన గేలియోసెర్డో టైగ్రినస్ అన్న పేరూ పోయింది. టైగ్రినస్ అంటే పులివంటిది. ప్రజాతి నిలిచింది, జాతినామం నిలవలేదు. అంటే లోకమంతా టైగర్ షార్క్ అని పిలిచే చేప శాస్త్రీయనామంలో ఈనాడు పులి ఎక్కడా లేదు.

మరి ఆ పులి ఎక్కడికి పోయింది? మీ లెపర్డ్ షార్క్ ప్రశ్నకు ఇక్కడే జవాబు. మన తీరంలోనూ దొరికే మరో సొర ఉంది, ఇంగ్లీషులో కొందరు జీబ్రా షార్క్ అని, కొందరు లెపర్డ్ షార్క్ అని అంటారు. పిల్లగా ఉన్నప్పుడు ముదురు ఒంటిమీద తెల్లని పట్టీలు, పెద్దదయ్యాక పసుపుపచ్చని చర్మంమీద చుక్కలు ఉంటాయి కనుక, పిల్లను చూసినవారు జీబ్రా అన్నారు, పెద్దదాన్ని చూసినవారు చిరుత అన్నారు. దాని శాస్త్రీయనామం చాలాకాలం స్టెగోస్టోమా ఫేసియేటమ్‌గా ఉండేది. అంతకంటే రెండేళ్లు ముందు, 1781లో, ఫార్‌స్టర్ పెట్టిన పేరు ఉందని గుర్తించి ఇటీవల మార్చారు. ఆ పేరు స్టెగోస్టోమా టైగ్రినమ్. అంటే మనం పులి అనే చేపకు శాస్త్రంలో ఒక ఫ్రెంచి పండితుడి పేరు, జీబ్రా అనీ చిరుత అనీ పిలిచే చేపకు పులి పేరు. నేను ఎన్నిసార్లు చెప్పినా విద్యార్థులు ఒకసారి నవ్వి, పరీక్షలో తారుమారు చేసేవారు.

నవ్వడానికి నాకు హక్కు లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనే ఈ రెంటినీ కలిపేశాను. అప్పట్లో మా రిజిస్టరులో స్థానిక నామానికి ఒక గడి, శాస్త్రీయనామానికి ఒక గడి ఉండేవి. స్థానిక నామం పడవవాళ్లను అడిగి రాసుకునేవాణ్ణి, శాస్త్రీయనామం ఆఫీసులో ఇచ్చిన సైక్లోస్టైల్ జాబితా చూసి నింపేవాణ్ణి. సోనా బోటు అనే రకం మరపడవ గుమాస్తా ఒకడు చారల సొర ఏది దిగినా పులిసొర అనేవాడు, జాబితాలో పులిసొర ఎదురుగా గేలియోసెర్డో అని ఉండేది. నెలన్నర పాటు అలాగే రాసుకుంటూ పోయాను. ఒకనాడు జెట్టీమీద మీటరున్నర పొడవున్న ఒక సొరను టేపుతో కొలుస్తుంటే, వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచి వచ్చి, నా రిజిస్టరులోకి తొంగిచూసి, "ఏటి రాస్తన్నారు బాబూ?" అని అడిగాడు. పులిసొర అని చెప్పాను. "పులిసొరైతే ఇంత తోకెక్కడిది? నోట్లో సెయ్యెట్టి సూడండి. పులిసొర పల్లు కోడిజుట్టులా ఉంటాది. దీనికి పల్లున్నట్టా, లేనట్టా?" అన్నాడు. చెయ్యి పెట్టాను. ముతక గరుకుకాగితంలాంటి సన్నని పళ్లు తగిలాయి. తోక చూస్తే ఒంటి పొడవులో దాదాపు సగం. అది స్టెగోస్టోమా. ఆ నెలన్నర పేజీలను కొట్టివేసి, పక్కన సంతకం పెట్టాల్సి వచ్చింది.

ఆ పెద్దాయన మాట తరువాత ఎన్నో గుర్తింపు పుస్తకాలలో వేరే భాషలో కనిపించింది. టైగర్ షార్క్ పంటిని కోడిజుట్టుతో పోల్చడం శాస్త్రగ్రంథాలలోనూ ఉంది. పన్ను వెడల్పుగా ఉండి, మొన ఒక పక్కకు వాలి, బయటి అంచున లోతైన గంటు, అంచులంతటా రంపంలాంటి చిన్న పళ్లు ఉంటాయి. పై దవడ పళ్లు, కింది దవడ పళ్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. చాలా సొరలలో అలా ఉండవు, కింది పళ్లు సన్నగా పట్టుకోవడానికి, పై పళ్లు వెడల్పుగా కోయడానికి ఉంటాయి. ఈ పంటితోనే అది సముద్రపు తాబేలు డిప్పను కూడా కోసి తింటుంది. చలికాలం చివర మన బీచుల్లో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లవంటివి దానికి ఇష్టమైన ఆహారం. తాబేళ్లు, సముద్రపు పాములు, పక్షులు, చేపలు మాత్రమే కాక, ఓడల నుంచి పడిన చెత్త కూడా దాని కడుపులో దొరుకుతుంది.

పన్ను చూడడానికి వీలు కాకపోతే మూతి చూడండి. ముందు నుంచి చూసినప్పుడు మొద్దుగా, వెడల్పుగా, దాదాపు నలుపలకగా ఉంటుంది. పై పెదవి పక్కన ఒక పొడవైన గాడి కంటి దాకా సాగుతుంది. కంటి వెనుక చిన్న చీలికవంటి రంధ్రం ఉంటుంది, దాని దగ్గరి చుట్టాలైన చాలా సొరలకు ఆ రంధ్రం ఉండదు. వీపుమీద రెండు రెక్కల మధ్య సన్నని గట్టు, తోక మొదట్లో ఇరుపక్కలా చిన్న అంచు తగులుతాయి. చారలను మాత్రం నమ్మకండి. చిన్నవాటిలో చుక్కలు కలిసి పట్టీలుగా స్పష్టంగా కనిపిస్తాయి, వయసు పెరిగేకొద్దీ అవి మాసిపోతాయి. మూడు నాలుగు మీటర్ల పెద్ద సొర జెట్టీమీద ఎండిపోయి పడి ఉంటే చారలు వెతికినా దొరకకపోవచ్చు. అయిదు మీటర్లు దాటినవి కూడా ఉన్నాయి. పుట్టేటప్పుడు అర మీటరు నుంచి ముప్పావు మీటరు పొడవు ఉంటుంది. మీరు చూసినది మీరు చెప్పినట్టు రెండు చేతుల పొడవే ఉండి, చారలు కొట్టొచ్చినట్టు ఉంటే, తోక పొట్టిదైతే, అది పిల్ల టైగర్ షార్క్ కావడానికే అవకాశం ఎక్కువ.

కుటుంబం గురించి ఒక్క మాట. చాలాకాలం దీనిని కార్కరైనిడే కుటుంబంలో, మన పాలసొరతో కలిపి ఉంచారు. కాని ఆ కుటుంబంలోని సొరలు తల్లి గర్భంలో మాయ (మావి) ద్వారా పిల్లలను పోషిస్తాయి, దీనికి ఆ మాయ లేదు. గుడ్లు కడుపులోనే పొదిగి, ఒకే కాన్పులో పదుల సంఖ్యలో, కొన్నిసార్లు 80 వరకు పిల్లలను కంటుంది. ఇలాంటి తేడాలవల్ల ఇటీవలి వర్గీకరణలు దీనిని విడదీసి గేలియోసెర్డోనిడే అనే సొంత కుటుంబంలో వేస్తున్నాయి. ఆ ప్రజాతిలో ఈనాడు బతికున్న జాతి ఇదొక్కటే. పాత, కొత్త పుస్తకాలలో కుటుంబం పేరు వేరుగా కనిపిస్తే కంగారు పడనక్కరలేదు.

శాండ్ టైగర్ షార్క్ పూర్తిగా వేరే చేప. శాస్త్రీయనామం కార్కరియాస్ టారస్. అది గ్రేట్ వైట్ షార్క్ ఉండే క్రమానికి చెందినది. సూదుల్లాంటి పొడవైన పళ్లు నోరు మూసినా బయటికి కనిపిస్తాయి, వీపుమీది రెండు రెక్కలూ దాదాపు సమానంగా ఉంటాయి. దానినే ఆస్ట్రేలియాలో గ్రే నర్స్ షార్క్ అంటారు. మన ఆక్వేరియం దుకాణాలలో "షార్క్" అని అమ్మే చిన్న చేపలలో చాలా భాగం అసలు సొరలే కావు, పంగాసియస్ అనే మంచినీటి చేప పిల్లలు. ఇంకో హెచ్చరిక కూడా చేయాలి. విశాఖ హార్బర్‌లో ఎవరైనా "ఇవాళ టైగర్ బాగా పడింది" అంటే సొర కోసం పరుగెత్తకండి. అక్కడ టైగర్ అంటే టైగర్ రొయ్య. ఎగుమతి ధర పలికేది దానికే. టైగర్ షార్క్ పడితే ఎవరూ అంత సంబరంగా చెప్పరు.

తెలుగులో ఏమని రాయాలన్న ప్రశ్నకు వచ్చేముందు, మనకు బాగా దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. 1782లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు, ఇక్కడ ఈస్టిండియా కంపెనీ కొలువు చేస్తున్న తన తమ్ముడితో పాటు విశాఖపట్నం వచ్చాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అన్న పేరు ఈయనదే. ఏడేళ్లపాటు పాములతోపాటు ఇక్కడి చేపలనూ సేకరించి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించి, 1803లో లండన్‌లో విశాఖపట్నం చేపలమీద రెండు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. అందులో 200 చేపలున్నాయి. ఆ గ్రంథంలో ఆయన చేసిన గొప్ప పని నా దృష్టిలో బొమ్మలు కాదు. ప్రతి చేపకూ జాలర్లు చెప్పిన తెలుగు పేరును చెవికి వినిపించినట్టు రోమన్ లిపిలో రాసుకున్నాడు. నల్ల చందువ, పాలసొర, కొమ్ముసొర, ముట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కించే తిమిరి, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లీషువాడి వర్ణక్రమం గజిబిజిగా ఉన్నా, పైకి చదివితే విశాఖ జాలర్ల పెద జాలారిపేట మాటే వినిపిస్తుంది.

ఆ గ్రంథాన్ని పారిస్‌లో కూర్చుని చదివినవాడు జార్జ్ క్యువియర్. మనం చవకగా కొని వేపుడు చేసుకునే కానాగంత చేప పేరును రస్సెల్ "కనగుర్త" అని రాశాడు. ఆ పేరునే తీసుకుని, 1816లో క్యువియర్ ఆ చేపకు స్కోంబర్ కనగుర్త అని శాస్త్రీయనామం పెట్టాడు. తరువాత ప్రజాతి మారింది గాని జాతినామం చెక్కుచెదరలేదు, ఈనాటికీ ప్రపంచమంతా రాస్ట్రెల్లిజర్ కనగుర్త అనే రాస్తుంది. క్యువియరే బరకూడా అనే పొడవాటి చేపలలో ఒక రకానికి జెల్లో అని పెట్టిన పేరు కూడా రస్సెల్ ఇక్కడ విన్నదే. చుక్కతోక సొర ఒకదాని పేరు కార్కరైనస్ సొర్రా, ఆ చివరి పదం మన "సొర" తప్ప మరొకటి కాదు. కాబట్టి మీరు హార్బర్‌లో ఒకే బుట్టలో కానాగంతను, పక్కనే పిల్ల పులిసొరను చూసి ఉంటే, ఫ్రెంచి పండితుడు పెట్టిన తెలుగు పేరు ఒకదానిమీద, ఆ పండితుడి సొంత పేరు రెండోదానిమీద ఉన్నాయన్నమాట. రెంటికీ మధ్య ఆరేళ్లే తేడా.

ఇక తెలుగు పేరు. సాధారణ పాఠకుల కోసం రాస్తుంటే పులిసొర అని రాయండి. ఆ మాట సహజంగా ఉంది, "టైగర్ షార్క్" కన్నా నోటికి తేలిక, వినగానే అర్థమవుతుంది. "వ్యాఘ్ర మకరం" వంటి పేర్లు కట్టవద్దని నా మనవి. ఏ జాలరీ దానిని గుర్తుపట్టడు, ఏ పాఠకుడూ గుర్తుంచుకోడు, పైగా మకరం అంటే చాలామందికి మొసలే గుర్తుకు వస్తుంది. కాని లెక్కలు, నివేదికలు, అనుమతి పత్రాలు రాస్తుంటే స్థానిక నామం ఒక్కటే రాసి ఊరుకోవద్దు. నా గుమాస్తా కథ విన్నారు కదా, ఒక పడవలో పులిసొర అన్నది పక్క పడవలో మరొకటి కావచ్చు. తిమింగల సొర వంటి కొన్ని జాతులు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. 2015 నుంచి సొర రెక్కల ఎగుమతి నిషిద్ధం. అలాంటి చోట ఏ జాతి దిగిందన్నది శాస్త్రీయనామంతోనే తేలాలి. మొదటిసారి గేలియోసెర్డో క్యువియర్ అని పూర్తిగా రాసి, తరువాత పులిసొర అని కొనసాగించడం మంచి పద్ధతి. మొదటి పదం ఎప్పుడూ ప్రజాతి, రెండోది జాతి. రోమన్ లిపిలో రాసినప్పుడు మొదటిదానికి పెద్దక్షరం, రెండోది మనిషి పేరైనా చిన్నక్షరమే. ఆ రెండు పదాలూ వాలు అక్షరాలలో ఉండాలి.

మీరు పంపిన ఫోటోలో చేప పక్కకు తిరిగి, తోక గోనెపట్టా కింద ఉంది కాబట్టి నేను ఖాయంగా చెప్పలేకపోతున్నాను. వేటనిషేధం జూన్ 14తో ముగుస్తుంది, ఆ తరువాత రోజుల్లో దిగుబడి బాగుంటుంది. తెల్లవారుజామున అయిదింటికల్లా వెళ్లండి, వేలం మొదలైతే చేపను నేలమీద ఉంచరు. ఇలాంటిది మళ్లీ కనిపిస్తే మొదట తోక మొత్తం వచ్చేలా ఒకటి, పై నుంచి మూతి ఒకటి, పడవవాళ్లను అడిగి నోరు తెరిపించి పళ్లు ఒకటి, మూడు ఫోటోలు తీసి పెట్టండి. నోట్లో చెయ్యి మాత్రం పెట్టకండి, నాది స్టెగోస్టోమా కాబట్టి సరిపోయింది.